మా కళ్లకు వయసు గీత గీసిందెవరు?

"నీకెన్నేళ్లు?"

కంటి శిబిరంలో మా మనిషిని అడిగిన మొదటి ప్రశ్న అది. ముప్పై ఆరు అన్నాడు. "ఈ వయసులో శుక్లం ఏంటి? అద్దాలు రాస్తాను, పెట్టుకో. ముందు తాగుడు తగ్గించు" అన్నారు. రెండో ప్రశ్న అడగలేదు. (మమ్మల్ని చూడగానే 'మీరు' కాస్తా 'నువ్వు' ఎందుకవుతుందో ఇంకో వ్యాసంలో మాట్లాడుకుందాం. ఇక్కడ కళ్ల సంగతే.)

అతను మాకు తమ్ముడి వరస. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగల మీదికి నిచ్చెన వేసుకుని మిరియాలు కోస్తాడు. జీలుగు చెట్లెక్కుతాడు. రెండేళ్లుగా అతను ఒకటే మాట చెప్తున్నాడు: "పొద్దెక్కితే నాకు కళ్లు పనిచేయట్లేదు. ఎండలో అంతా తెల్లగా పొగ కమ్మినట్టు ఉంటుంది. సాయంత్రం అయితే నయం." పగలు కనబడక సాయంత్రం కనబడటం ఏమిటని మేమూ నవ్వాం. రేచీకటి తెలుసు గానీ పగటి చీకటి ఎక్కడన్నా ఉందా అన్నాం. ఆ ఏడు మిరియాల కోతలో, మిట్ట మధ్యాహ్నం, నిచ్చెన మీంచి పడ్డాడు. కాలు విరిగింది. తోట మేస్త్రీ తాగి పడ్డాడన్నాడు. డోలీ కట్టి గెడ్డ దాటించిన వాళ్లలో కూడా ఇద్దరు అదే అన్నారు. ఆ రోజు అతను చుక్క ముట్టలేదు.

శిబిరం బడిలో పెట్టారు. కిటికీలు మూసి, నీడగా ఉన్న గదిలో, గోడకు చార్టు తగిలించి గుర్తులు చూపించారు. అతను చాలావరకు చెప్పేశాడు. చూపు ఫరవాలేదు అని రాసుకున్నారు. నాలుగు నెలల తర్వాత మైదానంలో ఒక ఆస్పత్రిలో కంట్లో చుక్కలు వేసి, కనుపాప విప్పారాక యంత్రంలో చూస్తే, రెండు కళ్లలోనూ శుక్లం ఉంది. లెన్స్ వెనకభాగంలో, సరిగ్గా మధ్యలో.

ఇందులో మాయ ఏమీ లేదు. డాక్టర్లందరికీ తెలిసిన విషయమే. ముసలితనంలో వచ్చే శుక్లం ఎక్కువగా లెన్స్ నడిమి గింజ గట్టిపడి, పసుపెక్కి మెల్లగా వస్తుంది. చిన్న వయసులో వచ్చేవాటిలో ఒక రకం లెన్స్ వెనక పొరకు ఆనుకుని చిన్న మచ్చలా మొదలవుతుంది. ఎండలో కనుపాప చిన్నదైపోతుంది, ఉన్న ఆ చిన్న దారికి అడ్డంగా ఈ మచ్చ కూర్చుంటుంది. నీడలో పాప విప్పారితే మచ్చ పక్కనుంచి వెలుగు లోపలికి పోతుంది. అందుకే నీడగదిలో చార్టు చదివినవాడు ఎండలో నిచ్చెన మెట్టు చూడలేడు. కాబట్టి మా తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. వినాల్సినవాళ్లు వయసు విన్నారు, మాట వినలేదు. అందులో మేమూ ఉన్నాం.

ఆఫీసులో బల్ల ముందు కూర్చునేవాడికి నీడగది పరీక్ష సరిపోతుందేమో. మా పని ఎండలో ఉంది. కొండవాలులో చోళ్లు కలుపు తీయాలి, చింతచెట్టు ఎక్కాలి, అడ్డాకు కోయాలి, కాఫీ పండ్లలో ఎర్రవి ఏరి పచ్చివి వదలాలి. చూపు పరీక్ష పని దగ్గర జరగాలి. కనీసం బడి వరండాలో, ఎండకు ఎదురుగా నిలబెట్టి ఒకసారి, గదిలో ఒకసారి చూడాలి. దానికి పైసా ఖర్చు లేదు.

ఇంతకీ ఆ వయసులో శుక్లం ఎందుకొచ్చింది? మైదానం డాక్టరు అడిగిన ప్రశ్న ఇది, ఆయనకు దండం. "ఒంటి నొప్పులకు ఏమన్నా మందులు వాడావా?" అప్పుడు బయటపడింది. ఐదారేళ్లుగా సంతరోజు కీళ్ల నొప్పులకు ఒక సూది, వారానికి సరిపడా పొట్లంలో చిన్న చిన్న తెల్ల మాత్రలు. వేసుకుంటే తెల్లారేసరికి ఒళ్లు తేలికపడి కొండెక్కేవాడు. ఆ మాత్రల పేరు ఎవరూ చెప్పలేదు, పొట్లం మీద రాయలేదు. అవి డెక్సామెథజోన్ వంటి స్టెరాయిడ్లు. నెలలూ ఏళ్లూ వాడితే లెన్స్ వెనక ఇదే రకం శుక్లం వస్తుంది, కంటి ఒత్తిడీ పెరగవచ్చు. కళ్లు ఎర్రబడితే దుకాణంలో ఇచ్చే చుక్కల్లోనూ కొన్నింటిలో అదే మందు ఉంటుంది. ఉబ్బసానికి, కుష్ఠు రియాక్షన్‌కు, ఇంకా కొన్ని జబ్బులకు స్టెరాయిడ్ ప్రాణం కాపాడే మందు. అలా వాడుతున్నవాళ్లు ఈ వ్యాసం చదివి ఒక్కసారిగా మానేయకూడదు, అది ఇంకా ప్రమాదం. ఏ మందు ఇస్తున్నారో పేరు చెప్పాలని, ఏళ్ల తరబడి వాడేవాళ్ల కళ్లు చూడాలని మేం అడుగుతున్నాం. పేరులేని పొట్లం మా సంతల్లోనే ఎందుకు చెల్లుతోంది? మా పక్కన డాక్టరు లేడు గనక. సూది వేసేవాడిని తిట్టి ఊరుకుంటే సరిపోదు. అతను కూడా లేకపోతే మా జ్వరాలకు దిక్కెవరో ముందు చెప్పాలి.

కారణాలు ఇంకా ఉన్నాయి. షుగర్ మైదానం జబ్బు అనుకునేవాళ్లం, ఇప్పుడు మా ఇళ్లలోకీ వచ్చింది. షుగర్ ఉన్నవాళ్లకు శుక్లం ముందే వస్తుంది. కంటికి దెబ్బ తగిలితే ఏ వయసులోనైనా వస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, కిటికీ లేని ఇంట్లో కట్టెల పొగ, చుట్ట, బీడీ శుక్లం ముప్పును పెంచుతాయని పరిశోధకులు చెప్తున్నారు. 1980ల్లో రాయపూర్ ప్రాంతంలో చేసిన ఒక పరిశోధన, వాంతులూ విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయి చావు దాకా వెళ్లొచ్చినవాళ్లకు శుక్లం ముప్పు ఎక్కువ అంది. తర్వాతి పరిశోధనలన్నీ దాన్ని ఒప్పుకోలేదు. ఆ మాట నిజమైనా కాకపోయినా, గెడ్డ నీళ్లు తాగి ప్రతి వానాకాలం విరేచనాలు పడే ఊళ్లు మావి. ఆ ప్రశ్న తేల్చుకోవాల్సిన అవసరం ఎక్కువున్నదీ మాకే.

ఇప్పుడు వయసు గీత సంగతి.

దేశంలో అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. 2015–19 జాతీయ సర్వే చేసినప్పుడు 31 జిల్లాల్లో 50 ఏళ్లు, ఆ పైబడినవాళ్లను చూశారు. 50 లోపువాళ్ల కోసం చూసింది ఆరు జిల్లాలు. 50 దాటినవాళ్లలో అంధత్వానికి కారణం 66.2 శాతం శుక్లమే అని తేలింది. ఆ అంకెను పట్టుకునే ఉపన్యాసాలు, పోస్టర్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్‌లో మొదలైన కంటి వెలుగులో మొదట బడిపిల్లలను చూశారు, ఆ తర్వాతి విడతలో 60 దాటిన అవ్వాతాతలను చూశారు. పిల్లలను చూడటం మంచిదే. అవ్వను చూడటం ఇంకా మంచిది. ఆ పిల్లకూ ఆ అవ్వకూ ఇద్దరికీ వండిపెట్టే మనిషి ఏ విడతలో ఉంది?

లెక్కలవాళ్లు ఇచ్చే జవాబు మాకు తెలుసు. గుడ్డితనం ఎక్కువగా 50 దాటాకే ఉంటుంది, తక్కువ డబ్బుతో ఎక్కువ మందిని పట్టుకోవాలంటే అక్కడే వెతకాలి, అంటారు. అది అబద్ధం కాదు. శుక్లం ప్రధానంగా ముసలివాళ్ల జబ్బే, మేం కాదనడం లేదు. కానీ సర్వే చేసేవాడి సౌకర్యం కోసం గీసిన గీత, ఊళ్లోకి వచ్చేసరికి వైద్యం చేసేవాడి గీత అయిపోతోంది. "సర్వేలో లేరు" అనేది "జబ్బే లేదు" గా మారుతోంది. మా తమ్ముడిని ఆపింది చట్టం కాదు, ఉత్తర్వు కాదు. శుక్లం అంటే ముసలివాళ్లది అని ఎదుటివాడి తలలో ఉన్న బొమ్మ. ఆ బొమ్మ చేసింది ఈ లెక్కలే.

ఇంకో మాట. 2018లో డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన నిపుణుల కమిటీ గిరిజనుల ఆరోగ్యం మీద నివేదిక ఇచ్చింది. దేశంలో సగటు ఆయుష్షు 67 ఏళ్లయితే ఆదివాసులది 63.9 అని అందులో ఉంది. ముందే చనిపోయేవాళ్లం, ముందే ఒళ్లు అరిగిపోయేవాళ్లం. అందరికీ 50 దగ్గర గీసిన గీత మా దగ్గరికొచ్చేసరికి అదే చోట ఎలా నిలబడుతుంది? పైగా మాలో చాలామందికి పుట్టిన తేదీ బడిలో మాస్టారు వేసిన తేదీ, లేకపోతే ఆధార్ దించినవాడు వేసిన జనవరి 1. ఆ తేదీని చూసి మా కంటి వయసు తేలుస్తున్నారు!

అన్ని వయసులవాళ్లనూ చూడటం సాధ్యం కాదంటే ఒప్పుకోం. 1996–2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్లు హైదరాబాద్‌లోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ పదివేల మందికి పైగా చూశారు. పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా చూశారు. పాతికేళ్ల కిందటే అయింది. కొండల మీద ఎందుకు కాదు?

గీతలు రెండు. వయసు గీత ఒకటి, మంచి కన్ను గీత రెండోది. గుడ్డితనాన్ని లెక్కించేది రెండింట్లో బాగున్న కంటిని బట్టి. మా పక్క గూడెంలో ఒక వదిన కట్టెలు చీలుస్తుంటే పేడు ఎగిరి కంట్లో తగిలింది. ఆమెకు అప్పుడు ఇరవై ఎనిమిది. కొన్నాళ్లకు ఆ కంట్లో తెల్లగా శుక్లం. ఆస్పత్రికి వెళ్తే "ఇంకో కన్ను బాగుంది కదమ్మా" అన్నారు. నిజమే, బాగుంది. కానీ ఒంటి కంటితో లోతు తెలియదు. గెడ్డలో రాయి మీద అడుగేస్తే పక్కన పడుతుంది. సూదిలో దారం ఎక్కదు. అడ్డాకులు ఈనెతో కుడుతుంటే వేలికే గుచ్చుకుంటుంది. రోజుకు ఆమె కుట్టే విస్తళ్లు సగానికి పడిపోయాయి. ఒక కన్ను పూర్తిగా పోయినా, రెండోది బాగుంటే వికలాంగుల ధ్రువపత్రంలో పడేది 30 శాతం. 40 ఉంటేనే పింఛను. మేం ఆమెకు పింఛను అడగడం లేదు. అది బాగుపడే అవకాశమున్న కన్ను. దెబ్బ తగిలిన కంట్లో వెనక తెర బాగుందో లేదో చూసి, ఆపరేషన్ చేస్తే ఎంత చూపు వస్తుందో చెప్పాలి. చెప్పాక వద్దంటే ఆమె ఇష్టం. ఆమెకు ఆ మాటే ఎవరూ చెప్పలేదు. అందంగా లేదని మొగుడి తరఫువాళ్లు అన్న మాటలు మాత్రం చాలామంది చెప్పారు.

"ముదరనీ, అప్పుడు తీద్దాం." ఈ మాట ఇంకా బతికే ఉంది. పాత రోజుల్లో లెన్స్ మొత్తం తీసేసి సోడా బుడ్డి అద్దాలు పెట్టేవారు, అప్పుడు పండేదాకా ఆగడానికి అర్థం ఉంది. ఇప్పుడు చిన్న కోతతో శుక్లం తీసి, అక్కడే కృత్రిమ లెన్స్ పెడుతున్నారు. పండాల్సిన పని లేదు. పనికి అడ్డమొస్తే అదే తీయాల్సిన సమయం. బాగా ముదిరి ఉబ్బితే కంటి ఒత్తిడి పెరిగి కన్నే పోవచ్చు. అయినా ఆగమంటారు. ఆగితే ఒకరి కూలి పోతుంది, రెండో మనిషి ఆమెను నడిపించడానికి ఆగుతుంది, బడికెళ్లే పిల్ల ఇంట్లో పొయ్యి ముందు కూర్చుంటుంది. ముసలివాళ్లు ఆగాలని మేం అనం. ఎవరూ ఆగకూడదు. కానీ ముప్పై ఐదేళ్ల మనిషి కళ్లు పోతే ఇంట్లో నాలుగు జతల చేతులు ఆగుతాయి. ఈ లెక్క ఏ సర్వేలోనూ లేదు.

సరే, ఆపరేషన్ ఉచితం. అందరూ ఇదే అంటారు. పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్లు దాటుతుంది. పాడేరుకు రావడానికే మాలో కొందరికి ఒక పూట నడక, ఆపై జీపు. మొదటిసారి చూపించుకోవడానికి, రెండోసారి బీపీ, షుగర్ పరీక్షలకు, మూడోసారి ఆపరేషన్‌కు, నాలుగోసారి కట్టు విప్పాక చూపించడానికి. తోడు ఒక మనిషి. తర్వాత కొన్ని వారాలు బరువు ఎత్తకూడదు, దుమ్ములో, పొగలో ఉండకూడదు, మురికి నీళ్లు కంట్లో పడకూడదు. ముసలమ్మ అయితే మంచం మీద కూర్చుంటుంది, కోడలు వండుతుంది. ఆ కోడలికే ఆపరేషన్ అయితే? మా తమ్ముడికి తేదీ ఇచ్చింది డిసెంబరులో. కాఫీ పళ్ల కోత నడుమ. వెళ్లలేదు. కాగితం మీద "రోగి రాలేదు" అని పడి ఉంటుంది. మావాళ్లకు అవగాహన లేదని మరో ఉపన్యాసానికి అది పనికొస్తుంది.

చేశాక కూడా కథ అయిపోదు. నలభై లోపు మనిషి కంట్లో సొంత లెన్స్ దగ్గరికీ దూరానికీ తనే సర్దుకుంటుంది. పెట్టే లెన్స్ మామూలుగా ఒక్క దూరానికే. దూరం బాగా కనిపిస్తుంది, బియ్యంలో రాళ్లు కనిపించవు. దగ్గర చూపుకు అద్దాలు కావాలి. ఇది ముందే చెప్పకపోతే "ఆపరేషన్ చేయించుకున్నాక ఇంకా పాడైంది" అనే మాట సంతకు వెళ్తుంది, సంత నుంచి పది ఊళ్లకు వెళ్తుంది. ఇంకొకటి ఉంది. కొత్త లెన్స్ వెనక ఉంచిన సన్నటి సంచి కొన్ని నెలలకో ఏళ్లకో మసకబారవచ్చు, చిన్న వయసువాళ్లలో ఇది ఎక్కువ. లేజర్‌తో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు, కోత ఉండదు. ఆ లేజర్ ఎక్కడుంది? కొండ కింద. కాబట్టి "శుక్లం మళ్లీ మొలిచింది" అని మావాళ్లు అనుకుంటారు. మొలవలేదు. మళ్లీ దిగి వెళ్లే ఓపికే లేదు.

మా తప్పులూ రాసుకోవాలి. కంట్లో ఆకుపసరు పిండించుకోవడం మానాలి. మా వైద్యం అంటే మాకు గౌరవమే, ఎముక కట్టడంలో మావాళ్ల చేయి మాకు తెలుసు. కానీ శుక్లం లెన్స్ లోపల ఉంటుంది, ఏ పసరూ అక్కడికి చేరదు. నల్లగుడ్డు మీద పుండు పడితే ఆపరేషన్‌తో వచ్చే చూపు కూడా పోతుంది. పెళ్లి కావాల్సిన పిల్లకు కన్ను మసకైతే దాచిపెట్టడం మానాలి. పడ్డవాడిని చూసి తాగుబోతు అనడం అందరికన్నా ముందు మేమే మానాలి.

పాడేరుకు మెడికల్ కాలేజీ వచ్చింది. సంతోషం. అక్కడ కంటి ఆపరేషన్ గది వారమంతా నడవాలి. లేజర్ యంత్రం అక్కడే ఉండాలి. శుక్లం ఉందా అని అడిగే ఏఎన్‌ఎం, ఆశ అక్కల కాగితంలో వయసు గడి తర్వాత కాకుండా ముందే "ఎండలో కనిపిస్తుందా?" అనే గడి ఉండాలి. ఒక్క కంటి శుక్లమూ రాయాలి. ఆపరేషన్ తేదీలు కోతలూ విత్తనాలూ చూసి వేయాలి, ఫిబ్రవరి దాటాక మాకు కాస్త తీరిక ఉంటుంది. ఆపరేషన్ అయిన మనిషికీ తోడు వచ్చిన మనిషికీ విశ్రాంతి రోజులకు ఉపాధి హామీ కూలి రేటున డబ్బు ఇవ్వాలి. మా భాష వచ్చిన మనిషి అక్కడ కూర్చోవాలి. "మసక"కూ "పొగ"కూ "మెరుపు"కూ మా మాటలు వేరు వేరు. తెలుగులోకి తిప్పేసరికి అన్నీ "కనబడట్లేదు" అయిపోతాయి, డాక్టరుకు కావాల్సిన తేడా దారిలోనే పడిపోతుంది.

ఇవి ఎవరో చేస్తారని కూర్చోలేదు. ఇంటింటికీ తిరిగి మేమే పేర్లు రాయడం మొదలుపెట్టాం. వయసు అడగడం లేదు. మూడే అడుగుతున్నాం: మధ్యాహ్నం ఎండలో ఎదుటి మనిషి ముఖం ఆనుతుందా, ఒక్కో కన్ను మూసి చూస్తే రెండూ ఒకలా ఉన్నాయా, నొప్పులకు ఏళ్ల తరబడి ఏమన్నా మింగుతున్నారా. ఈ పేర్లు వచ్చే గ్రామసభలో చదువుతాం, తీర్మానం రాయిస్తాం, నకలు తీసుకుని ఐటీడీఏకు పట్టుకెళ్తాం. పీసా చట్టం గ్రామసభకు ఇచ్చిన గొంతును ఇసుకకూ భూమికీ మాత్రమే కాక కంటికీ వాడుకుందాం.

మా తమ్ముడికి మార్చిలో కుడికంటికి ఆపరేషన్ అయింది. నిచ్చెన ఎక్కుతున్నాడు. ఎడమకన్ను సంగతి అడిగితే, ఒకటి బాగుంది కదా, తర్వాత చూద్దామన్నారట. పేర్ల కాగితంలో మొదటి పేరు అతనిదే.